తెర మీద లేని తాడు

వదిన రాసినవేవీ జరగలేదని మైకు పట్టుకుని చెప్పినవాడు ఆవిడ సొంత మరిది.

హాలు నిండా అభిమానులున్నారు. ఆవిడ రెండో వరసలో కూర్చుని ఉంది. రమ్మని పిలిచిందీ అతనే. "పుస్తకాల తరఫున ఒక్కరైనా లేకపోతే బాగోదు వదినా" అని ఫోన్ చేస్తే, పెట్టె అడుగున దాచుకున్న మంచి చీర తీసి కట్టుకుని వెళ్ళింది. గుమ్మంలో సినిమా కంపెనీ వాళ్ళు నవ్వుతూ చేతికొక పువ్వు కూడా ఇచ్చారు.

ప్రకటన చిన్నదే. ఓడ కథలో ఇక నుంచి తెర మీద కనబడిందే జరిగినట్టు. నవలలు, కామిక్కులు చదువుకోవడానికి బాగుంటాయి, వాటి మీద కంపెనీకి ఎంతో గౌరవం ఉంది, కాని అవి అసలు కథలో భాగం కావు. హాలు ఒక్కసారిగా గోలెత్తింది. కొందరు పీడ విరగడైందన్నట్టు చప్పట్లు కొట్టారు. కొందరు నెత్తి పట్టుకున్నారు. వెనక నుంచి ఒకడు కుర్చీ ఎక్కి అరిచాడు.

"తాడు కథ కూడానా అన్నా?"

మరిది చేతిలో కాగితం వంక చూసుకున్నాడు. దానికి జవాబు అందులో రాసి లేదు. అయినా చెప్పాడు.

"అది కూడా. అలాంటిదేమీ జరగలేదు."

వదిన చేతిలో పువ్వు కాడ పుటుక్కున విరిగింది. ఆ మాట ఆవిడకి కొత్త కాదు. ఆవిడ మొగుడు పోయినప్పుడు కూడా ఇదే కంపెనీ, అక్షరం మార్చకుండా, ఇదే చెప్పింది.

ఓడ అంటే నీళ్ళ మీద ఓడ కాదు, చుక్కల మధ్య తిరిగేది. దారి తప్పి, ఇంటికి చేరలేక, సినిమాకొక గ్రహం చొప్పున తిరుగుతూ ఉంటుంది. ఒక సినిమాకీ ఇంకో సినిమాకీ మధ్య ఏళ్ళు పట్టేవి. ఆ ఖాళీలో జనం మరిచిపోకుండా కంపెనీ నవలలూ కామిక్కులూ వేసేది. స్టూడియో వెనక, పాత సెట్ల చెక్కలు పడేసే గది పక్కన, ప్రచురణల విభాగం ఉంది. వదిన అక్కడ కామిక్కు బొమ్మల పక్కన మాటల బుడగల్లో అక్షరాలు రాసే పనిలో చేరింది. ముత్యాలు పేర్చినట్టుండే దస్తూరి. కథలు రాసే మనిషి అలిగి వెళ్ళిపోయిన రోజున ఎడిటరు తల గోక్కుని, "మాటలు ఎలాగూ నువ్వే రాస్తున్నావు కదమ్మా, ఆ మాటలేవో కూడా నువ్వే అనేసుకో" అన్నాడు. అలా రచయిత్రి అయింది.

ఆ పనికి ఒక కట్టుబాటు ఉంది. రెండు సినిమాల మధ్య ఏ గొడవైనా పెట్టవచ్చు గాని, ఎక్కడ తీసిన మనిషిని తిరిగి అక్కడే పెట్టాలి. కెప్టెన్ చెయ్యి విరిగితే చివరి పేజీకల్లా అతుక్కోవాలి. ఎవరినైనా ప్రేమిస్తే ఆఖరికి మరిచిపోవాలి. ఎవరికీ వెంట్రుక నెరవకూడదు. చంపాలనుకుంటే మాత్రం, తెర మీద ఎన్నడూ మొహం కనబడనివాణ్ణే చంపాలి.

ఆవిడ మొగుడి మొహం తెర మీద ఎన్నడూ కనబడలేదు.

అతను లైట్‌మన్. ఆరడుగులు దాటిన మనిషి, ఎప్పుడు చూసినా నిచ్చెన మీదే ఉండేవాడు కనక అందరూ నిచ్చెనన్న అనేవారు. ఆయన పెళ్ళాం కనక ఆవిడ గేటు కాపలావాడి దగ్గర్నుంచి మేకప్ వాళ్ళ దాకా అందరికీ వదిన. సెట్టు పైన ఇనప గొలుసులకి వేలాడే చెక్క పలకలుంటాయి. వాటి మీద నడుస్తూ ఓడ ఆకాశంలో చుక్కలు వెలిగించేది నిచ్చెనన్నే. పైకి వెళ్ళేవాడి నడుముకి తాడు కట్టడం మామూలు. ఒకనాడు ఆ తాడు నీడ కెప్టెన్ మొహం మీద పడుతోందని విప్పేయమన్నారు. విప్పమన్నది అప్పటి మేనేజరని కింద నిలబడ్డ అందరికీ వినబడింది. నిచ్చెనన్న కింద పడ్డాక ఎవరికీ వినబడలేదు. విచారణలో, ఆ వేళకి అతను డ్యూటీలోనే లేడని, అతన్ని పైకి ఎవరూ పంపలేదని, తాడు విప్పించడం అంటారా, అలాంటిదేమీ జరగలేదని తేల్చారు.

మరిది ఆ రోజు సెట్టు మీదే ఉన్నాడు. కొత్తగా పనిలో చేరాడు. అన్న పడడం కళ్ళారా చూశాడు. విచారణ గదిలో నేల చూపులు చూసి బయటికి వచ్చాడు. వదిన ఏమీ అడగలేదు. ఆవిడ కాపురానికి వచ్చేటప్పటికి అతను నిక్కర్లు వేసుకునే పిల్లాడు. అన్నానికి మారాం చేస్తే, అచ్చుకి వెళ్ళని కొత్త కామిక్కు పేజీలు తెచ్చి చూపించి ముద్దలు పెట్టేది. ఓడలో ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో, ఏ దీపం ఏ రంగో అతనికి అలా కంఠస్థమైంది. ఆ కంఠస్థమే తర్వాత కూడు పెట్టింది. కొత్త సినిమాలో ఏదీ పాత సినిమాకి అడ్డం రాకుండా చూసే ఆఫీసు ఒకటి కంపెనీలో ఉంది. ఏది జరిగిందో ఏది జరగలేదో తేల్చేది వాళ్ళే. సెట్టు వేసినప్పుడల్లా నిచ్చెనెక్కి, పై దీపాలు పాత సినిమాలో ఉన్నట్టే ఉన్నాయా అని కూడా చూసి రావాలి. మరిది ఆ ఆఫీసుకి పెద్ద అయ్యాడు. లైట్‌వాళ్ళు అతనికి కథకాపలా అని పేరు పెట్టారు, మొహం మీద అనరు.

మొగుడు పోయిన ఏడాదే వదిన తాడు కథ రాసింది. ఓడ ఇంజను గదిలో దీపాలు బాగుచేసే పొడుగాటి మనిషి ఒకడుంటాడు. కెప్టెన్ ఇంటికి సందేశం పంపుదామని కెమెరా ముందు కూర్చుంటే, పై మనిషి తాడు నీడ మొహం మీద పడుతుంది. విప్పెయ్ అంటాడు. మనిషి పడిపోతాడు.

ఎడిటరు చదివి ముక్కు మీద వేలేసుకున్నాడు. "చుక్కల్లో బరువే ఉండదు కదమ్మా, పడడమేంటి?"

"మీ సినిమాల్లో అందరూ బూట్లు టకటకలాడిస్తూ నడుస్తున్నారు కదండీ. నడిచేవాడు పడతాడు."

ఆయన నవ్వేసి అచ్చుకి పంపాడు. చివరి పేజీకి కెప్టెన్ మామూలుగా ఉన్నాడా లేదా అన్నదొక్కటే ఆయనకి కావాలి. ఉన్నాడు. తప్పు ఒప్పుకుని ఒక్క రూలు పెట్టాడు, అంతే. పైకెక్కేవాడికి కిందివాడు తాడు కట్టి "కట్టాను" అనాలి. ఎక్కేవాడు ముడి తడిమి చూసుకుని "చూశాను" అనాలి. ఆ రెండు మాటలూ పలికాకే నిచ్చెన మీద కాలు పెట్టాలి.

ఆ కామిక్కుకి అభిమానులు ఎగబడ్డారు. కాలేజీ కుర్రాళ్ళు బస్టాపుల్లో ఎదురుపడితే ఒకడు కట్టాను అనేవాడు, ఇంకొకడు చూశాను అనేవాడు. లైట్‌వాళ్ళు మాత్రం దాన్ని అట్ట ఊడిపోయేదాకా చేతులు మార్చుకుంటూ చదివారు గాని, ఒక్కడూ బాగుందనలేదు. ఆ పొడుగాటి మనిషి ఎవరో వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. మర్నాటి నుంచి నిచ్చెన దగ్గర ఆ రెండు మాటలూ వినబడ్డాయి. విచారణలో గొంతు పెగలనివాళ్ళు అక్కడ గొంతు చించుకుని అరిచేవారు. ఎవరైనా అడిగితే "ఓడ రూలండీ" అనేవారు. పత్రికల వాళ్ళు వచ్చి ఫొటోలు తీసుకునేవారు, కంపెనీకీ ముచ్చటగానే ఉండేది. ఆ తర్వాత పైనుంచి ఎవడూ పడలేదు.

అందుకే హాల్లో మరిది మాట విన్నప్పుడు వదినకి తన పుస్తకాలు గుర్తురాలేదు. పలకలు గుర్తొచ్చాయి.

కొన్నాళ్ళకి లైట్ మేస్త్రి ప్రచురణల గదికి వచ్చాడు. నిచ్చెనన్నకి పని నేర్పిన పెద్దాయన. కుర్చీ జరిపితే కూర్చోలేదు.

"కొత్త మేనేజరు వచ్చాడమ్మాయ్."

"విన్నాను మామయ్యా."

"ఇవాళ మావాడొకడు కట్టాను అంటే, ఇదేం మంత్రంరా అన్నాడు. ఓడ రూలు సార్ అన్నాడు మావాడు. ఏ సినిమాలో ఉందిరా అన్నాడు. కామిక్కులో సార్ అంటే, అది క్యాన్సిలైందిగా, ఇంకా టైము తింటారేంటి అన్నాడు."

"మీరేమన్నారు?"

"నేననేదేముంది? సెట్టంతా పడీపడీ నవ్వింది." మేస్త్రి గొంతు తగ్గించాడు. "మావాళ్ళు కూడా నవ్వారు."

వదిన కలం మూత పెట్టింది. "తాడు కట్టుకోవద్దన్నాడా?"

"అబ్బే, అంత మాట అంటాడా. మాట ఒక్కటే మానేశాం. ముడి ఉంది." ఆయన కిటికీలోంచి సెట్టు పైకప్పు వైపు చూశాడు. "ఇవాళ్టికి ఉంది."

ముడి కూడా ఎన్నాళ్ళో నిలవలేదు. వదిన ఏదో బొమ్మకి నమూనా కావాలన్న వంకతో సెట్టుకి వెళ్ళింది. అంత ఎత్తు సెట్టు ఇంతకుముందెన్నడూ వెయ్యలేదు. లోపల చీకటి, పైన మాత్రం వేడి దీపాలు. గొలుసులు ఎవరో పళ్ళు కొరుకుతున్నట్టు కిర్రుమంటున్నాయి. తాళ్ళు తగిలించే మేకులు గోడకి వరసగా ఉన్నాయి, తాళ్ళు లేవు. వాటిని ఆకాశంగా వేసిన నల్ల తెర లాగి కట్టడానికి వాడేసుకున్నారు. ఆవిడ అలా చూస్తూండగానే ఒక మర సీల జారి పాదం పక్కన ఠంగుమని పడింది.

"ఎవరది? వదినా? పక్కకి జరగండి, చెయ్యి జారింది!" పైనుంచి ఒక లైట్‌మన్ నవ్వు గొంతు.

"నీ తాడేది నాయనా?"

"ఇదిగో, ఇక్కడే ఉంది!"

ఎత్తి చూపించాడు. తాడు చేతిలో ఉంది. నడుముకి లేదు.

ఆవిడ తిన్నగా మేనేజరు దగ్గరికి వెళ్ళింది. మర్యాదస్తుడు, లేచి నిలబడి టీ తెప్పించాడు. "భద్రత గురించి మా దగ్గర అన్నీ పక్కాగా ఉన్నాయండీ. మీరు రచయితలు, మీకు ఊహలు ఎక్కువ. అది మీ అదృష్టం" అన్నాడు. ఇందాక పడ్డ మర సీల ఆయన బల్ల మీద పెట్టి వచ్చేసింది. ఆయన దాన్ని కాగితాల మీద బరువుగా పెట్టుకున్నాడని తర్వాత మేస్త్రి చెప్పాడు.

ఆ వారంలోనే మరిది ఇంటికి వచ్చాడు. ప్రకటన తర్వాత గడప తొక్కడం అదే మొదలు. చెప్పులు గుమ్మం బయట సర్ది విడిచి, చిన్నప్పటిలాగే వంటింటి గట్టు మీద కూర్చున్నాడు.

"కోపంగా ఉన్నారా వదినా?"

"నాకు కోపం వచ్చిందో లేదో తేల్చేది కూడా మీ ఆఫీసే కదా. చూసి చెప్పు."

"అబ్బ, పొడవకండి. మంచి కబురుతో వచ్చాను." ముందుకి వంగాడు. "మీ తాడు కథని అసలు కథలో కలుపుతున్నాం. కొత్త సినిమాలో ఒక సీను. కెప్టెనే స్వయంగా కట్టాను అంటాడు. తెర మీద! ఇంక దాన్ని ఎవడూ కాదనలేడు. మేనేజరు కాదు కదా, వాడి బాబు కూడా."

వదిన చేస్తున్న పని ఆపింది. నిచ్చెన దగ్గర గొంతులు చెవిలో మోగినట్టయింది. అంతలోనే మరిది చేతిలో టీ గ్లాసుని అటూ ఇటూ తిప్పడం చూసింది. అబద్ధం చెప్పబోయే ముందు అతను చిన్నప్పుడూ అలాగే తిప్పేవాడు.

"మెలిక ఏమిటి?"

"కెప్టెన్‌ హీరో కదా వదినా. తాడు విప్పెయ్ అన్నాడంటే జనం ఒప్పుకోరు. అంచేత... ఆ మనిషే చిరాకుపడి తనే విప్పుకున్నట్టు. చిన్న మార్పు. కామిక్కు కూడా అలాగే మార్చి మళ్ళీ వేద్దాం. మీరే రాస్తే బాగుంటుందని నేనే పట్టుబట్టాను."

వదిన కుళాయి కట్టేసింది.

"మీ అన్న తనే విప్పుకున్నాడా చిన్నోడా?"

"కథ గురించి మాట్లాడుతున్నాం వదినా."

"నువ్వు సెట్టు మీదే ఉన్నావు."

"కథ గురించే మాట్లాడుతున్నాం" అన్నాడు మళ్ళీ, గోడకి చెప్పినట్టు. టీ తాగకుండానే లేచాడు.

మేస్త్రికి చెబితే తిడతాడనుకుంది. ఆయన చాలాసేపు అరచేతులు చూసుకున్నాడు. తాళ్ళు రాసి రాసి గీతలన్నీ అరిగిపోయిన చేతులు.

"రాసెయ్యమ్మాయ్."

"మామయ్యా!"

"పోయినవాడికి ఇంక ఏ మాటా తగలదు. పైన తిరిగేవాళ్ళకైతే నేలే తగులుతుంది." కళ్ళు ఒత్తుకున్నాడు. "నన్ను తిట్టుకో. కాని రాసెయ్."

రాసింది. పాత పేజీల్లో కెప్టెన్ బుడగని తెల్లరంగుతో పూసేసి, ఆరాక, పొడుగాటి మనిషి నోటి దగ్గర కొత్త బుడగ గీసింది. తన మొగుడు ఒక్కనాడూ అనని మాట తన ముత్యాల దస్తూరితో అందులో దిద్దింది. "ఈ తాడు నాకెందుకు? అడ్డం." అక్షరం ఒక్కటి కూడా వంకర పోలేదు. దానికే ఆవిడకి భయం వేసింది.

ఆ సీను తీసినన్నాళ్ళూ సెట్టు పండగలా ఉంది. తెర లాగడానికి వాడిన తాళ్ళు విప్పుకొచ్చి మేకులకి తగిలించారు. మేనేజరే అందరికన్నా గట్టిగా కట్టాను అని అరిచి, పత్రికల వాళ్ళని నవ్వించాడు. మార్చిన కామిక్కు కూడా అచ్చయి దుకాణాలకి వెళ్ళిపోయింది. బస్టాపులో ఇద్దరు కుర్రాళ్ళు దాన్ని పట్టుకుని కొట్టుకోవడం వదిన విన్నది.

"ఇన్నాళ్ళూ కెప్టెన్‌ని తిట్టాం కదరా, చూడు, వాడే విప్పుకున్నాడు."

"పాత దాంట్లో అలా లేదు."

"పాతది లెక్కలో లేదురా మొద్దూ. ఆ లైటోడికి ఒళ్ళు బలిసింది, పడ్డాడు. కథ కంచికి."

ఆవిడ బస్సెక్కకుండా నడిచి ఇంటికి వెళ్ళింది.

తర్వాత ఎడిటింగ్‌లో సినిమా నిడివి ఎక్కువైంది. తాడు సీను కోసేశారు. ఆ కబురు వదినకి ఎవరూ చెప్పలేదు. మేకులు మళ్ళీ బోసిపోయి ఉంటే చూసి తెలుసుకుంది. మిగిలిన చిన్నా చితకా షాట్ల కోసం సెట్టు మళ్ళీ నిలబెట్టారు. మేస్త్రి తాళ్ళు అడిగాడని ఆయన్ని గోడౌనుకి మార్చారు.

ఆవిడ సెట్టులోకి వెళ్ళేసరికి మరిది నిచ్చెన పక్కన నిలబడి ఉన్నాడు. పై దీపాల రంగు పాత సినిమాతో సరిపోయిందో లేదో చూడడానికి ఎక్కబోతున్నాడు. చుట్టూ లైట్‌వాళ్ళు, మేనేజరు, ఇంకా ఎవరెవరో ఉన్నారు. ఆవిణ్ణి చూసి అతను మొహం నిండా నవ్వు తెచ్చుకున్నాడు.

"సీను తీసేశారట."

"నిడివి వదినా. నా చేతిలో లేదు."

"తెర మీద లేనిది జరగనట్టే కదా?"

"రూలు రూలే మరి."

"మరి మీ అన్న తనే విప్పుకున్నాడని నా చేత్తో రాశాను. అదీ జరగనట్టేనా?"

"అదీ అంతే!" ఆవిడకి ఎంతో మేలు జరిగినట్టు అన్నాడు. "చూశారా, మీకు ఏ నష్టమూ లేదు."

ఆవిడ అతని వంక చూసింది. ముద్దలు తిన్న మూతే. ఆ మూతి చుట్టూ ఇప్పుడు అన్న పోలిక వచ్చింది. పైన పలకలు కదిలాయి, కాస్త దుమ్ము రాలి అతని భుజం మీద పడింది. అతను దులుపుకున్నాడు. ఆవిడ మూలకి వెళ్ళి, నల్ల తెర కొసన వేలాడుతున్న తాడు విప్పి తెచ్చింది. విప్పడానికి చాలా తంటా పడింది.

"చెయ్యెత్తు. కడతాను."

మరిది అటూ ఇటూ చూశాడు. అందరూ ఇటే చూస్తున్నారు. మేనేజరు పెదవి చివర నవ్వు ఆపుకుంటున్నాడు.

"బాగోదు వదినా." గొంతు తగ్గించాడు. "ఈ రూలు లేదని చెప్పిందే నేను. నేనే కట్టుకుంటే ఏమనుకుంటారు? రెండు దీపాలు చూసి దిగిపోతాను, ఎంతసేపు?"

ఆవిడ తాడు పట్టుకున్న చేతులు చాచి అలాగే నిలబడింది. పిల్లాడు ముద్ద వద్దంటే తల్లులు చెయ్యి చాచి నిలబడతారే, అలా. అతను అందుకోలేదు. కాలు మొదటి మెట్టు మీద పెట్టాడు.

వాళ్ళిద్దరూ ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకోవడం అదే ఆఖరు. వదిన తాడుని తీరుబడిగా చుట్ట చుట్టి, నిచ్చెన కాళ్ళ దగ్గర పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"సరే, ఎక్కు నాయనా. పడితే బెంగ పెట్టుకోకు. అలాంటిదేమీ జరగలేదని చెప్పడానికి మీ ఆఫీసులో ఇంకొకడు ఉంటాడులే."